మర్రి మీదే కేసు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. రోడ్డు పక్కన తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు.

ఈ దారిలో ఏం జరిగినా ముందుగా దొరికే ముద్దాయి మర్రే. పారిపోదు కదా!

హారన్ కొడితే పక్కకు జరగదు. లైసెన్సు అసలే లేదు. పైగా నిజాం కాలం నుంచి నో పార్కింగ్‌లో నిలబడి ఉంది.

2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. కంకర మీద పడి, బస్సు నుజ్జయి 19 మంది పోయారు. కంకర సంగతి, రోడ్డు సంగతి తర్వాత. వేలు మాత్రం చెట్టు వైపు లేచింది.

రోడ్డు వెడల్పు కోసం ఈ చెట్లు నరకాలా వద్దా అని అప్పటికే గ్రీన్ ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి వాదనలు. చివరికి చాలావాటికి ఊరట. కొన్నింటికి బదిలీ ఉత్తర్వు. కొమ్మలు కొట్టి, వేళ్లు చుట్టగట్టి, క్రేన్ ఎక్కించడమే. ఎమ్మెల్యే లెటర్ ఉంటే ఆపించుకునేదేమో!

ఇక ఇదే దారిలోని చేవెళ్ల, మొయినాబాద్ బజార్లలో ఫుట్‌పాత్ అంటారా? బండి స్టాండు, ఫ్లెక్సీ కర్ర, చాయ్ డబ్బా, పక్కనే టమాటా ట్రేలు. వీటిని నరకాలని ఎవరూ అడగరు. వాటికి వేళ్లు లేవు కానీ పాతుకుపోయాయి.

నడిచేవాడికి బదిలీ ఎప్పుడో అయింది. నడిరోడ్డు మీదికి. టీఏ, డీఏ లేకుండా.