తెర లేని పెట్టె

జహీరాబాద్ నుంచి ఝరాసంగం పోయే దారిలో ఒక ఎర్రమట్టి చెలక. కంది, కొర్ర, జొన్న, పెసర, అనుములు కలిపి వేసిన చేను. గట్టు మీద ఇనుప గుంజకు ఒక పెట్టె బిగించి ఉంది. దాని నెత్తిన చిన్న సోలార్ పలక, పక్కన వాన కొలిచే డబ్బా. ఆ డబ్బాలో అటూ ఇటూ ఊగే దొప్ప ఒకటి ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల వాన పడగానే అది ఒక పక్కకు ఒరిగి నీళ్లు పారబోస్తుంది. ఒరిగిన ప్రతిసారీ పెట్టెలోని కంప్యూటర్ తారీకు, వేళతో సహా ఒక వరుస రాసుకుంటుంది.

ఒక సంస్థ ఆ పెట్టెను మూడు వానాకాలాల కింద అక్కడ నిలబెట్టింది. ఇప్పుడు పథకం ముగిసింది. ఆఖరి నెల లెక్కలు దించుకుని పెట్టె విప్పుకురమ్మని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు కుర్రాణ్ని పంపారు. ఫొటోల కోసం నేను వెంట వెళ్లాను. అతని సంచిలో ల్యాప్‌టాప్‌తో పాటు పథకం తుది నివేదిక కూడా ఉంది. నున్నటి కాగితం మీద రంగుల గ్రాఫులు. ఏ చేనుకు ఏ నెలలో ఎంత వాన పడిందో అన్నీ ఉన్నాయి.

పెట్టెలో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై జీరో. 2015 నవంబరులో 5 డాలర్ల ధరకు వచ్చిన కంప్యూటర్ అది. పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. ఈ పెట్టెకు తెర లేదు, కీబోర్డు లేదు, వైఫై లేదు. దానితో మాట్లాడాలంటే ఒక్కటే దారి, యూఎస్‌బీ తీగ. యూఎస్‌బీలో ఎప్పుడూ ఒకవైపు అడిగేది, ఇంకోవైపు జవాబిచ్చేది ఉంటాయి. కంప్యూటర్ అడుగుతుంది, పెన్‌డ్రైవో మౌసో జవాబిస్తుంది. పై జీరోలోని చిప్ మాత్రం అవసరాన్ని బట్టి ఏ వైపైనా నిలబడగలదు. మెమరీ కార్డులోని బూట్ ఫైళ్లలో డీడబ్ల్యూసీ2, జీ-ఈథర్ అనే రెండు పేర్లు సరైన చోట చేరిస్తే, తీగ గుచ్చగానే అది ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కార్డుగా కనిపిస్తుంది. రూటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండూ 169.254తో మొదలయ్యే చిరునామాలు తమకు తామే పెట్టుకుంటాయి. పేరు చివర డాట్ లోకల్ చేర్చి పిలిస్తే పెట్టె పలుకుతుంది. ఆపైన ఎస్‌ఎస్‌హెచ్‌ అనే ప్రోగ్రాంతో లోపలికి వెళ్లొచ్చు.

నాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. తెర ఉంటే కరెంటు తింటుంది, ఎండకు పాడవుతుంది. చేనులో నిలబడే పెట్టెకు తెర లేకపోవడమే సరైన పని.

చేను గల అవ్వకు మాత్రం వేరే కారణం చెప్పారట.

"గీ పెట్టె పెట్టిన్నాడే అడిగిన బిడ్డా, అద్దం లేదేంది, అది ఏం రాస్తున్నదో ఎట్ల తెలుస్తదని. నీకు సదువు రాదు గదవ్వా, అద్దం ఉంటే మాత్రం ఏం జేస్తవు అన్నరు."

కుర్రాడు తల దించుకుని తీగ గుచ్చాడు. ల్యాప్‌టాప్ ఉలకలేదు. పెట్టెకు పక్కపక్కనే రెండు మైక్రో యూఎస్‌బీ రంధ్రాలున్నాయి. ఒకటి కరెంటు కోసమే, సోలార్ తీగ అందులోనే ఉంది. మాట్లాడేది రెండోది. అతను గుచ్చింది సరైనదాంట్లోనే. తీసి మళ్లీ గుచ్చాడు, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. ఏమీ మారలేదు.

అవ్వ కంది మొక్కల నడుమ కలుపు తీస్తూ తమ రేడియో ముచ్చట మొదలుపెట్టింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు మాచనూరులో నడిపే సంఘం రేడియో గురించి. గాలి తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో ఇక్కడ స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు మాత్రం రాలేదు. స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో వచ్చింది, మాచనూరు గొంతు గాలిలోకి వెళ్లింది 2008 అక్టోబరు 15న. ఈ నడుమ ఏండ్లన్నీ ఏం చేశారని అడిగాను.

"ఊకె కూసుంటమా? మాటలు, పాటలు క్యాసెట్లల్ల పట్టిచ్చి సంఘాలకు తీస్కపొయ్యి ఇనిపిచ్చినం."

అంతలో కుర్రాడు తన తీగను తిప్పి చూశాడు. పొద్దున బస్టాండు దగ్గర కొన్నది. ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం. నాలుగు తీగలు ఉండాల్సిన చోట అందులో రెండే ఉంటాయి. కరెంటు పోతుంది, మాట పోదు. నా కెమెరా సంచిలోని కేబుల్ ఇచ్చాను. మరుక్షణం ల్యాప్‌టాప్‌లో కొత్త నెట్‌వర్క్ కార్డు కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టాడు, లోపలికి వెళ్లాడు. మూడేళ్ల వానలు వరుసలు వరుసలుగా తెర మీదికి వచ్చాయి.

ఆఖరి నెల ఫైలు దించుకున్నాక, సరిచూద్దామని నివేదిక తెరిచి పక్కన పెట్టుకున్నాడు. రెండో ఏడాది ఆగస్టు దగ్గర ఆగిపోయాడు. నివేదికలో ఆ నెలంతా వాన సమంగా పరుచుకుని ఉంది. పెట్టె లెక్కలో చూస్తే ఇరవై రోజులకు దగ్గరగా చుక్క లేదు.

"డబ్బాలో ఆకులు అడ్డం పడ్డాయేమో సార్. పెట్టె తప్పు చూపిస్తోంది" అన్నాడు నాతో.

"ఏ నెల బిడ్డా?" అంది అవ్వ, లేచి నడుము నిలుపుకుంటూ.

"పోయినేడుకు ముందటేడు అవ్వా. ఆగస్టు."

"గప్పుడు వాన యాడిది? రాఖీ పున్నమ దాటినా మొగులు మొగమే సూడలె. పెసర పూతకొచ్చి ఎండిపాయె. కొర్ర, కంది తట్టుకున్నయి గాబట్టి తిన్నం."

కుర్రాడు మరో రెండు నెలలు పోల్చి చూశాడు. ప్రతిసారీ అవ్వ మాట, పెట్టె లెక్క ఒకటయ్యాయి. నివేదిక వేరే మాట చెప్పింది. గడియారం చెడిందేమోనని కూడా చూశాడు. పై జీరోకు సొంత గడియారం ఉండదు, దీనికి బటన్ బ్యాటరీతో విడిగా ఒకటి అమర్చారు. అది ఇవాళ్టి తారీకే చూపిస్తోంది.

అప్పుడు తెరను పైపైకి జరుపుకుంటూ మొదటికి వెళ్లాడు. లోపలికి అడుగుపెట్టగానే యంత్రం తనంత తానుగా ఒక వరుస చూపిస్తుంది, ఇంతకు ముందు చివరిసారి ఎప్పుడు లోపలికి వచ్చారో. ఇందాక తొందరలో దాన్ని దాటేశాడు. ఇప్పుడు చదివి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

అక్కడున్నది మూడేళ్ల కిందటి తారీకు. పెట్టెను గుంజకు బిగించిన రోజు.

"ఏమంటున్నది పెట్టె?" అంది అవ్వ.

కుర్రాడు ఏదీ దాచలేదు. పెట్టిన నాటి నుంచి ఇవాళ్టి దాకా దీన్ని ఎవరూ తెరవలేదని చెప్పాడు. నివేదికలోని గ్రాఫులు కూడా చూపించాడు. అవ్వ చేతులకంటిన మట్టి కొంగుకు తుడుచుకుని, ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని రంగులన్నీ కలియజూసింది.

"సదువు రాంది నాకు గద బిడ్డా. వచ్చినోళ్లు దేన్ని సదివి రాసిన్రు ఇదంత?"