ఇరవయ్యారో కిలో

మా వీధి కొట్టాయన బియ్యం బస్తా మీద అరచేత్తో చరిచి, "ఇరవయ్యారు కిలోలది తీసుకోండి మాస్టారూ, పన్నుండదు" అన్నాడు. బ్రాండు పేరు కన్నా 26 అంకె పెద్దగా అచ్చేసి ఉంది. గాంధీగారు ఉప్పు పట్టుకున్నంత ధీమాగా ఉందాయన మొహం.

2022 జూన్ నెలాఖర్న చండీగఢ్‌లో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని, ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం, గోధుమపిండి, పెరుగు, మజ్జిగ, బెల్లం, మరమరాల మీద అయిదు శాతం వేసింది. అంతకుముందు ఆ యోగం బ్రాండు సరుక్కే ఉండేది. జులై 18 నుంచి అమలన్నారు. ఆ వారంలోనే ప్రతిపక్ష ఎంపీలు పార్లమెంటు ఆవరణలో పెరుగు ప్యాకెట్లు పట్టుకుని నినాదాలిచ్చారు. ఆ ఉక్కలో పెరుగు ఏ మేరకు పులిసిందో ఏ పేపరూ రాయలేదు. విడిగా అమ్మితే పన్ను లేదంటూ ఆర్థికమంత్రి వస్తువుల జాబితా ట్విట్టర్లో పెట్టారు.

అంతా బాగానే ఉంది గానీ, 25 కిలోలు దాటిన బస్తాకి ఈ పన్ను వర్తించదన్నారు. సందు కనిపిస్తే స్కూటరు దూర్చే జాతి మనది. మిల్లులవాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ధర్నాలు చేసినవాళ్ళు చేస్తూనే ఉన్నారు, ఇరవయ్యారు కిలోల బస్తాలు కొట్లలోకి దిగిపోయాయి. పన్నెండు వందల బస్తాకి అరవై రూపాయలు మిగులు. అంత బరువుని మూడో అంతస్తుకి మోసిన నా నడుము లెక్క ఇందులో కలపలేదు.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. మా బియ్యం డబ్బా అత్తగారి కాలంనాటిది. పాతిక కిలోలకే గొంతుదాకా వస్తుంది. మిగిలిన కిలో స్టీలు గిన్నెలో, మూత లేకుండా, గట్టు మీద కాపురం పెట్టింది. పురుగు పడుతుందేమోనని మా ఆవిడ ఓ నెల దోసెలకి నానబోసింది. మరుసటి నెల పిండి పట్టించి చక్కిలాలు చేసింది. చక్కిలాలకి నూనె కావాలి, దాని మీద అయిదు శాతం. గ్యాసు కావాలి, దాని మీదా అయిదు శాతం. ఉత్త చక్కిలాలు తినలేక నేను తెచ్చిన మిక్చరు మీద ఎంతో అడగలేదు, అప్పటికే ఆవిడ చూపు బావుండలేదు.

ఆ జులై 18 నుంచే పిల్లల పెన్సిలు షార్పనర్ మీద పన్ను కూడా 12 శాతం నుంచి 18కి పెంచారు. దానికోసం ఎవరూ రోడ్డెక్కిన జాడ లేదు. ఇరవయ్యారు కిలోల షార్పనర్లు కొనేవాడెవడు?

పెరుక్కీ పాతిక కిలోల నిబంధనే అని తెలిసి కొట్టాయన్ని అడిగాను.

"ఇరవయ్యారు కిలోల పెరుగు దొరుకుతుందా?"

"ఇంట్లో పెళ్ళెవరిది మాస్టారూ?" అన్నాడు.