ఘనంగా ఘనా ప్లాను

సెలవులకి సింగపూర్ వెళ్తున్నామంటే చుట్టాలు ఏమీ అనరు. మహా అయితే టైగర్ బామ్ తెమ్మంటారు. దుబాయ్ అంటే బంగారం రేటు చెబుతారు. ఘనా అంటే మాత్రం ముందు నా మొహంలోకి, తరవాత మా ఆవిడ మొహంలోకి చూసి, "ఆఫీసువాళ్ళు పంపిస్తున్నారా?" అంటారు. కాదు, మా డబ్బులతోనే అంటే జాలిపడతారు. మా పెద్దత్తయ్యకి ఫోన్లో గయ అని వినపడింది. "పోన్లే నాయనా, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. మీ మావయ్య పేర కూడా ఓ పిండం పెట్టు. అక్కడ కాకరకాయ వదిలెయ్, ఎలాగూ తినవు" అంది.

ఆలోచన మా ఆవిడది. ప్లాను మాత్రం, ఎవరూ అడక్కుండానే, మా అక్క మొగుడు తీసుకున్నాడు. బావ బ్యాంకులో ఆఫీసరు. ఎక్సెల్ షీటు తెరవందే ఆయనకి కాఫీ కూడా దిగదు.

మొదటి చిక్కు తేదీలతో వచ్చింది. ఘనా తీరంలో పెద్ద వానలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అంటే మన వేసవి సెలవులు. చిన్న వానలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో, అంటే దసరా సెలవులు. మన విద్యాశాఖని సంప్రదించే కురుస్తున్నట్టున్నాయి. డిసెంబర్‌లో వానలుండవు గానీ సహారా నుంచి హర్మటాన్ అనే గాలి దుమ్ము మోసుకొస్తుంది. పైగా విదేశాల్లో ఉన్న ఘనావాళ్ళు క్రిస్మస్‌కి ఇంటికొస్తారు, అక్రాలో గదుల అద్దెలు కొండెక్కుతాయి. బావ అన్నీ తూచి డిసెంబరే ఖాయం చేశాడు. దుమ్ముకి జీఎస్టీ లేదు కదా అన్నాడు. అక్కడి గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఆ అయిదున్నర గంటల్నీ 'లాభం' అనే గడిలో రాసుకున్నాడు.

తరవాత టీకా. ఘనాలో దిగాలంటే ఎల్లో ఫీవర్ కార్డు చూపించాలి. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో మనవాళ్ళే పట్టుకుని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, అదీ ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. ఆ టీకా తయారీలో కోడిగుడ్లు వాడతారు కాబట్టి డాక్టరమ్మ తలెత్తకుండానే, "గుడ్డు పడుతుందా?" అని అడిగింది.

"శనివారం తప్ప పడుతుందండీ" అన్నాడు బావ.

ఆవిడ పెన్ను ఆగింది. "నేనడిగేది ఎలర్జీ గురించండీ."

"ఎలర్జీ కాదండీ, వెంకటేశ్వరస్వామి."

ఇక మా అత్తగారికి రెండే సందేహాలు: తిండి, గుడి. అక్కడ కర్రపెండలాన్నీ అరటికాయనీ ఉడకబెట్టి, రోట్లో రోకలితో దంచి, ఫుఫూ అనే ముద్ద చేస్తారు. వేరుశనగ పులుసులో ముంచి నమలకుండా మింగుతారు. అదీ కుడిచేత్తోనే, ఎడంచెయ్యి చాపితే అక్కడా అమర్యాదే. ఆవిడది అనంతపురం. అంతా విని, "సంగటే గదమ్మా ఇది! దీనికి ఇమానమెందుకు?" అంది కూతురితో.

గుడి సంగతికొస్తే, అక్రాలో 1975లోనే హిందూ మఠం వెలిసింది. పెట్టినాయన ఘనానంద సరస్వతి. ఘనాలోనే పుట్టి, హృషీకేశ్ దాకా వచ్చి నేర్చుకుని వెళ్ళిన స్వామి. అత్తగారు సంతోషిస్తారనుకున్నాను. "ఆయన అంత దూరం నుంచి వచ్చినాడు. మీరు పక్కవీధి గుడికి పోరు" అంది.

చూడాల్సినవాటికొస్తే, అక్రా పక్కన టెషీలో వడ్రంగులు శవపేటికల్ని పోయినవాళ్ళ బతుకుని బట్టి చెక్కుతారు. జాలరికి చేప, కోకో రైతుకి కోకో కాయ, మోజున్నవాళ్ళకి బెంజి కారు. ఇది తెలిసిన రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో ఎవరి పెట్టె ఏ ఆకారమో తేలిపోయింది. అక్కకి ప్రెషర్ కుక్కర్. నాకు, ఏకగ్రీవంగా, పడక్కుర్చీ. బావకి కాలిక్యులేటర్. బావ ఏమీ నొచ్చుకోలేదు. "కాల్చేసేదానికి అంత పనితనం దండగ" అన్నాడు.

ఎక్సెల్‌లో మూడోరోజు ఇలా ఉంది: 9 నుంచి 10 కేప్ కోస్ట్ కోట, 10.30కి ఎల్మినా కోట, మధ్యాహ్నం కాకుమ్ అడవిలో చెట్ల మీదుగా వేలాడే 7 వంతెనలు. మా ఆవిడ ఆ కోటల గురించి చదివి ఉంది. ఎల్మినాని పోర్చుగీసువాళ్ళు 1482లో బంగారం బేరానికి కట్టారు. తరవాత్తరవాత అక్కడ మనుషులే సరుకయ్యారు. కేప్ కోస్ట్‌లో అయితే మగవాళ్ళని కుక్కిన నేలమాళిగ పైనే ప్రార్థన మందిరం కట్టుకున్నారు. సముద్రం వైపు గుమ్మం దాటి ఓడెక్కినవాళ్ళు మళ్ళీ రాలేదు. బానిసలైన ఆఫ్రికన్లు వర్జీనియా తీరంలో మొదట దిగింది 1619లో. 400 ఏళ్ళకి, 2019లో, ఘనా ప్రభుత్వం వాళ్ళ వారసుల్ని ఇంటికి రమ్మని పిలిచింది.

"అన్నయ్యగారూ, మనుషుల్ని వారాలూ నెలలూ మూసిపెట్టిన చోటికి మనం గంట కేటాయించామా? ఆ రోజు ఇంకేమీ పెట్టకండి" అంది.

లెక్కల్లో ఎవరి మాటా వినని బావ ఆ గడులన్నీ మారుమాట్లాడకుండా చెరిపేశాడు. రెండో కోట, వంతెనలు తరవాతి రోజులకి వెళ్ళాయి.

ఇప్పుడు ఆయన్ని ఒకటే తొలుస్తోంది. టీకా కార్డు జీవితాంతం చెల్లుతుంది. ఒక్కసారే వెళ్తే ఆ సూది ఖర్చంతా ఒక్క ప్రయాణం మీదే పడుతుంది, గిట్టుబాటు కాదంటాడు. విమానం టికెట్లు ఇంకా కొననేలేదు, ఎక్సెల్‌లో రెండో షీటు తెరుచుకుంది. దాని పేరు సెనెగల్. మూడోది బెనిన్. అక్క ఏటీఎం కార్డు దాచేసింది.