కాయ పోయాక మిగిలేది నేను

నన్ను కట్టె అంటారు. వేరుశనగ చెట్టు పీకి కాయలు తెంపుకున్నాక మిగిలే ఆకూ కాడా నేనే. పుట్టింది అనంతపురం ఎర్రనేలలో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ ఏడూ నమ్మకం లేదు. ఊడ నేలలోకి దిగింది మొదలు కాయ ఊరేదాకా దానికి తిండి పెట్టింది నా ఆకులే. ఆ కాయకు సంచి ఉంది, కాటా ఉంది, యార్డులో ధర ఉంది. నాకు కళ్లం పక్కన ఇంత చోటు.

ఆ చోటైనా భద్రం కాదు. పీకడం ఆలస్యమైతే ఆకుమచ్చ పట్టిన ఆకులన్నీ చేలోనే రాలి, ఉత్త పుల్లలే ఇల్లు చేరతాయి. ఆరకుండా వామి వేస్తే లోపల బూజు పడుతుంది. వాన మొదలైతే అందరూ కాయల మీద పట్టలు కప్పడానికి పరిగెత్తుతారు, నేను తడిసి నల్లబడతాను. వేసవిలో గాడి ముందు ఆవు నన్ను వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. వరిగడ్డికన్నా రెట్టింపు మాంసకృత్తులున్న మేత చివరికి పెంటదిబ్బ పాలవుతుంది. మేత కొనలేక అదే ఇంటివాళ్లు అదే ఆవును సంతకు తోలుకుపోతారు. నన్ను పారేసినందుకు కాదు, ఆ ఆవు కోసం నా బాధ.

పరిశోధకుల పుస్తకాల్లోనూ చాలాకాలం కాయ దిగుబడి, గింజ శాతం, నూనె శాతమే ముందు. నా మాట వెనకెక్కడో. రైతులు మాత్రం 1940లో తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ 2 విత్తనాన్నే అరవై ఏళ్లకు పైగా పట్టుకుని ఉండిపోయారు. ఈలోగా కాలం మారింది. విత్తాక వారాల తరబడి చినుకు ఉండదు, పంట పీకే వేళకు ముసురు పడుతుంది.

2000 తర్వాత తొలి ఏళ్లలో పటాన్‌చెరు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కొత్త రకాల విత్తనాలు రైతుల చేతికే ఇచ్చారు. రైతులు సొంత చేలో, టీఎంవీ 2 పక్కనే వాటిని వేసి చూశారు. ఏది మంచిదో తేల్చిందీ వాళ్లే. అందరూ కాయలు లెక్కపెడుతుంటే ఒక రైతమ్మ అడిగింది: "కాయ సరే సార్, కట్టె ఎంతొస్తాది? ఎద్దులు తింటాయా?" ఆ ప్రశ్నతో నా పేరు లెక్కలోకి వచ్చింది.

బెట్టకు ఓర్చి, త్వరగా చేతికొచ్చి, కాయా కట్టే రెండూ ఎక్కువిచ్చిన ఐసీజీవీ 91114 రకాన్ని రైతులు మెచ్చారు. 2006లో అది విడుదలైంది. అంతకుముందే ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థ 'ఇల్రి'తో కలిసి 11 రకాల కట్టెను వేరే దాణా లేకుండా గొర్రెలకు మేపి తూకం వేశారు. ఏ రకం కట్టె తిన్నదన్నదాన్ని బట్టి గొర్రెల ఎదుగుదలలో తేడా కనిపించిందని 2005లో ప్రకటించారు. ఆపై వందల రకాలు పరీక్షించి, ఎక్కువ కాయా నాణ్యమైన కట్టే ఒకే చెట్టు ఇవ్వగలదని చూపారు. గొర్రెల కాపరికి ముందునుంచీ తెలిసిన సంగతికి శాస్త్రం కాటా పట్టినందుకు గర్వపడ్డాను.

బెట్ట ఏడు కాయ ఊరకపోవచ్చు. ఆ ఏడు కూడా నేను ఎంతో కొంత మిగులుతాను, పాలచెంబు రూపంలో ఇంటికి నాలుగు రూపాయలు తెస్తాను. అందుకే అడుగుతున్నాను: ఆకు రాలకముందే పీకండి, బాగా ఆరనిచ్చి వామి వేయండి. ఎవరైనా కొత్త విత్తనం చేతిలో పెడితే, కాయ బరువుతోపాటు నా బరువూ అడిగి తీసుకోండి.