పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం

మబ్బు ఉరిమితే చాలు, మనవాళ్ళ నోట అర్జునుడి పేర్లు వరసపెట్టి వచ్చేస్తాయి. తర్కం గట్టిదే. పిడుగు ఇంద్రుడి ఆయుధం, అర్జునుడు ఇంద్రుడి కొడుకు. కొడుకు పేరు చెప్పుకున్నవాణ్ణి తండ్రి కొడతాడా? పెద్దాయనగారబ్బాయి పేరు చెప్పి ఆఫీసుల్లో పనులు చేయించుకునే మనకు ఆకాశం దగ్గర మాత్రం సిఫారసు ఎందుకు చెల్లదు?

విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరకుమారుడికి తన పది పేర్లూ చెప్పింది జమ్మిచెట్టు దగ్గర. ఆ ముక్క మనవాళ్ళు మరీ శ్రద్ధగా విన్నట్టున్నారు. అనకాపల్లి జిల్లా చీడికాడ చుట్టుపక్కల పొలాల్లో వాన కమ్ముకొస్తే మంత్రంతో పాటు చెట్టునూ వెతుక్కుంటారు. తాడో, మామిడో, జీడితోటో ఏదైనా సరే. "ఏటౌద్దిరా, అర్జునా అనుకో" అని ధైర్యం చెప్పే పెద్దమనిషి అక్కడ తయారుగా ఉంటాడు. నెత్తిన యూరియా సంచి, చేతిలో పార, పక్కన ఆవు, జేబులో సెల్లు. చెట్టునూ పారనూ వదలడు గానీ సెల్లు మాత్రం స్విచ్చాఫ్ చేస్తాడు. సెల్లే పిడుగును పిలుస్తుందని వాట్సాప్‌లో చదివాడు మరి, ఆ సెల్లులోనే!

పిడుగుకు బంధుత్వాలు తెలియవు, ఎత్తు తెలుసు. చెట్టు మీద పడ్డ కరెంటు కొంత కాండం నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, కొంత నేలలోకి పాకుతుంది. ముందుకాళ్ళకీ వెనకకాళ్ళకీ ఎడం ఎక్కువ కనక పశువుకు మరీ ముప్పు. చెట్టు కింద చేరిన గొర్రెల మంద ఒక్క దెబ్బకు కూలిపోయేది అందుకే. 2022లో దేశంలో 2,887 మంది పిడుగులకు చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వాళ్ళలో అర్జునుడి పేర్లు సగంలో మరిచిపోయినవాళ్ళెందరో బ్యూరో రాసుకోలేదు.

జనాన్ని వెక్కిరించి ఊరుకుంటే అన్యాయం. సర్కారుకూ ఒక మంత్రం ఉంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని లెక్కగట్టిన ఘనులం మనం. పిడుగు ముప్పు ఏ మండలానికో ముందే సెల్లుకు మెసేజి వస్తుంది. మెచ్చుకోవలసిందే. "చెట్ల కింద ఉండరాదు, సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలి." బాగుంది. కోనాం జలాశయం ఆయకట్టులో నడుం వంచి నాట్లు వేస్తున్న ఆడకూలీకి ఆ ప్రాంతం ఏ దిక్కున ఉంది? కనుచూపు మేర గట్లు, తాటిచెట్లు. మోటారు షెడ్డు ఉంటే దానికి రేకుల కప్పు, తలుపుకు తాళం. మెసేజి వచ్చిన సెల్లేమో గట్టు మీద అన్నం క్యారేజీ పక్కన మోగుతూ ఉంటుంది.

ఆ వానే ముదిరి కోనాం గేట్లు ఎత్తితే బొడ్డేరు ఒడ్డువాళ్ళకూ అదే మాట: సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలి. కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నా బండి తోలేవాణ్ణి ఆపడానికి అడ్డంగా ఒక గేటు ఉండదు, కాపలా మనిషీ ఉండడు. వరద తీశాక మాత్రం పాతిక కిలోల బియ్యం వస్తాయి. సామెత చెప్పినవాడు ముందుచూపున్నవాడు.

ఉరుము వినపడిందంటే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే. పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. ఈ మాట అందరికీ చెప్పడం సులువే. ఆ పక్కా ఇల్లు పొలంలో ఉండేలా చూడటమే పాలన. ఆయకట్టులో అక్కడక్కడా తాళం లేని ఒక స్లాబు గది, దాని నెత్తిన పిడుగును నేలలోకి దింపే కడ్డీ, కాజ్‌వేకి రెండువైపులా గేటు కట్టించండి. అప్పుడు అర్జునుడి పేర్లు ఆ గదిలో కూర్చుని ఎన్నిసార్లైనా చదువుకుంటాం.