ఎవరి గది ఉష్ణోగ్రత?

బాగా ముదిరిన చెడ్డార్ చీజును ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే నోట్లో వేసుకోకూడదట. గంటసేపు బయట పెట్టి, గది ఉష్ణోగ్రతకు వచ్చాక తినాలట. చల్లగా ఉంటే వాసన బయటికి రాదు, రుచి సగమే తెలుస్తుంది. ఇంగ్లండు నుంచి అరకిలో దిమ్మ తెచ్చిన మా మేనల్లుడు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరి గది, ఏ నెల అన్నది మాత్రం చెప్పకుండా బస్సెక్కాడు.

వాళ్ల గది అంటే 20 డిగ్రీలు. మే నెలలో మా తల్లాడ గది 40కి తగ్గితే వాన పడిందేమోనని కిటికీలోంచి తొంగిచూస్తాం. పాలకొవ్వేమో 35 దాటితే కరిగి కూర్చుంటుంది. దిమ్మను పళ్లెంలో పెట్టి గడియారం చూస్తున్నాను. ముందు అంచులు మెరిశాయి. తర్వాత ఒళ్లంతా నూనె చుక్కలు పొడిచాయి. గంట సంగతి దేవుడెరుగు, కాసేపటికే ఒక పక్కకి ఒరిగింది. ఈలోగా కరెంటు పోయింది. అమ్మ విసనకర్ర నా చేతికిచ్చి, "నాకు కాదురా, పాపం దానికి విసురు" అంది.

తప్పు చీజుది కాదు, పుట్టిపెరిగిన చోటు అలాంటిది. సోమర్‌సెట్‌లో చెడ్డార్ అనే ఊరుంది. పక్కనే లోయలో సున్నపురాయి గుహలు. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల 11 డిగ్రీలే. ఏసీ లేదు, బిల్లు లేదు. అక్కడ ముదరబెట్టేవాళ్లు, కొంత ఇప్పటికీ అక్కడే ముదురుతోంది. 1170లోనే రెండో హెన్రీ రాజు 10,240 పౌండ్లు కొన్నట్టు ఖర్చుల చిట్టాలో ఉంది. 1901లో కెప్టెన్ స్కాట్ 'డిస్కవరీ' ఓడలో అంటార్కిటికాకు పోతూ 3,500 పౌండ్ల చెడ్డార్ వెంట తీసుకెళ్లాడు. మంచులోకి తీసుకెళ్లడం ఏం గొప్ప? తల్లాడ తెచ్చి చూడమనండి.

అమ్మ అనుమానం వేరే. పాలు విరవడానికి వాడే రెన్నెట్‌ను దూడ కడుపులోంచి తీస్తారని ఎవరో చెవిన వేశారు. శాకాహారులు తినొచ్చని అట్ట మీద రాసింది చదివి వినిపించాను. అప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని, "ఇసుక తగులుతోందిరా" అని ఉమ్మబోయింది. ఇసుక కాదు. ముదిరేకొద్దీ మాంసకృత్తులు విడిపోతాయి, అందులో టైరోసిన్ గడ్డకట్టి పలుకులవుతుంది. కొరికితే పటికబెల్లంలా కటుక్కుమంటుంది. ఆ కటుక్కు కోసమే ఎక్కువ డబ్బిచ్చి ముదురుది కొంటారని చెప్పాను.

"బియ్యంలో రాళ్లున్నాయని మన కొట్టువాడు ఎప్పుడన్నా ఎక్కువ తీసుకున్నాడా?" అంది.

చివరికి తల్లాడలో గది ఉష్ణోగ్రత దొరికే వేళ పట్టుకున్నాను. ధనుర్మాసం, తెల్లవారుజాము. చుట్టాలెవరో వస్తుంటే మేనల్లుడు ఇంకో దిమ్మ పంపాడు. గుడి మైకులో తిరుప్పావై మొదలవగానే లేచి దాన్ని బయట పెట్టడం, దుప్పటి కప్పుకుని ఎదురుచూడటం. పాశురం ముగిసేసరికి చాకు దిగుతుంది కానీ ముక్క జారదు, అంచు దగ్గర పొళ్లుగా విరుగుతుంది. నాలుక మీద ముందు ఉప్పు, వెనకాలే పులుపు, మింగాక గొంతులో చిన్న దురద. అప్పటికి గుడి నుంచి వేడి కట్టెపొంగలి వస్తుంది. రెండూ కలిపి తింటున్నానని పూజారిగారికి ఇంతవరకు చెప్పలేదు. కానీ మిరియం గింజ తగిలినచోట చెడ్డార్ భలే కుదురుతుంది. కాస్త మిరియాలు ఎక్కువ వేయమని మాత్రం చెప్పి చూశాను.