మల్లె అత్తరు

చార్మినార్ దగ్గర ఓ అత్తరు దుకాణానికి తల్లీ కొడుకూ వచ్చారు. అంతకుముందే లాడ్ బజారులో కోడలికి గాజులు తీసుకున్నారు. బేరమాడింది తల్లే. తనకంటూ ఏమీ కొనుక్కోలేదు.

ఆవిడ బల్ల మీద కూర్చుంది. కొడుకు నిలబడే అడిగాడు.

“మగవాళ్లకి ఏదైనా కొత్త రకం చూపించండి. ఊద్, కస్తూరి వద్దు. మా ఆఫీసులో అందరూ అవే పూసుకొస్తున్నారు.”

దుకాణదారు పైఅరలోంచి ఓ చిన్న బుడ్డి దించాడు. గాజు పుల్ల ముంచి, అతని ముంజేతి మీద సన్నగా గీశాడు. రుద్దొద్దన్నాడు. కాసేపు ఆగి చూడమన్నాడు.

కొడుకు ఆగి చూశాడు. “మల్లెపువ్వు కదూ?”

“మోతియా, సాబ్. కన్నౌజ్ మాల్. రాగి డేగిశాల పూలు, నీళ్లు పోసి కింద మంట పెడతరు. ఆవిరి వెదురు గొట్టంల నుంచి పోయి గంధం నూనెల కలుస్తది. మగోళ్లు తీసుకోరు సాబ్, ఆడోళ్ల వాసన అంటరు. నవాబుల జమానాల అయితే దూదికి పట్టించి చెవుల పెట్టుకునేటోళ్లు.”

కొడుక్కి ఆ మాట నచ్చలేదు.

“పువ్వుకి ఆడా మగా ఏమిటండీ? ఎవరు పెట్టుకోవాలో చెట్టు చెప్పిందా? ఇవన్నీ మనం పెట్టుకున్న కట్టుబాట్లు. ఎవరో ఒకరు తెంచకపోతే ఎలా?”

పక్కనున్న కుర్రాళ్లిద్దరూ తలూపారు. ఒకడు తనకీ రాయమని చెయ్యి చాచాడు.

కొడుకు తల్లి ముందు మణికట్టు పెట్టాడు. “ఎలా ఉందమ్మా?”

ఆవిడ కళ్లు మూసుకుని పీల్చింది. మళ్లీ పీల్చింది.

“తెల్లారి వాడిన పువ్వు కాదురా. దీపాలవేళ మొగ్గ విచ్చుకుంటుందే, అప్పటి వాసన.”

దుకాణదారు ఆవిడ వంక తేరిపార చూశాడు. “ముప్పై ఏండ్ల నుంచి అమ్ముతున్న అమ్మా. గింత కరెక్టుగ చెప్పినోళ్లు లేరు.”

“పెరటినిండా మల్లెపొదలే. రోజూ నేనే మాల కట్టేదాన్ని” అందావిడ.

కొడుకు తులం సీసా ఇమ్మన్నాడు. దుకాణదారు 12 మిల్లీలీటర్లు కొలిచి పోశాడు. మూత బిగించి, కాగితంలో చుట్టాడు. డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చాడు. బుడ్డి పైఅరలో పెట్టబోతూ ఏమనుకున్నాడో, మళ్లీ మూత తీసి పుల్ల ముంచాడు.

“ఇది పైసలకు కాదమ్మా. జర చెయ్యి ఇటు పెట్టు.”

ఆవిడ నవ్వి, చెయ్యి చాచింది.

కొడుకు ఆ చేతిని పట్టుకుని మెల్లగా వెనక్కి దించాడు.

“అమ్మకి వద్దండీ. మా నాన్నగారు లేరు.”